రోగుల కేకు స్తమెన

స్తమెనది మిఠాయికి పుట్టిన చెయ్యి అని మొదట అన్నది గ్వోజ్దెన్ మేస్త్రీయే. ఆ చెయ్యి తన కొట్టులో కనబడకూడదని తర్వాత అన్నదీ ఆయనే.

కొండ మీది పల్లె నుంచి తల్లి వెంట, ఊటనీళ్ళ వైద్యానికి పేరున్న బాన్యాకు దిగి వచ్చేనాటికి ఆమెకు పదహారేళ్ళు. తండ్రి లేడు. తల్లి స్నానాల భవనంలో దుప్పట్లు ఉతికే పనికి కుదిరింది. ఊట దగ్గరికి వెళ్ళే చెట్ల బాట మీద గ్వోజ్దెన్ మిఠాయి కొట్టు ఉండేది. కడుపులో పుండ్లవాళ్ళూ, పిత్తాశయంలో రాళ్ళవాళ్ళూ, తిన్నది ఒంటికి పట్టనివాళ్ళూ సెర్బియా నలుమూలల నుంచీ వచ్చి, ముక్కున్న పింగాణీ గ్లాసుల్లోంచి గోరువెచ్చని ఊటనీళ్ళు చప్పరిస్తూ ఆ బాట మీద అటూ ఇటూ నడిచేవాళ్ళు. డాక్టర్లు వాళ్ళను తినొద్దన్నవన్నీ గ్వోజ్దెన్ కొట్టు అద్దాల వెనక వరసగా కొలువుతీరి ఉండేవి. వెన్న క్రీము పొరలు, అక్రోట్ చుట్టలు, చాక్లెట్టు ముద్దలు. రోగుల వెంట వచ్చిన భార్యలూ మొగుళ్ళూ లోపల కూర్చుని తినేవారు. రోగులు బయట నిలబడి చూసేవారు. ఉండబట్టలేక దొంగతనంగా తిన్నవాళ్ళు సాయంత్రానికల్లా మంచం పట్టేవారు.

"నేనేమైనా బలవంతంగా నోట్లో కుక్కానా?" అనేవాడు గ్వోజ్దెన్.

పొట్టి మనిషి, మెడ కనిపించదు. నోరు పెద్దది. కానీ పనిలో ఆయనకు సాటి వచ్చేవాడు ఆ చుట్టుపక్కల లేడు. స్తమెనకు గుడ్డు తెల్లసొన గిలకొట్టడం నేర్పడానికి ఒక చలికాలమంతా పట్టింది. రాగి గిన్నె చేతికిచ్చి, నురుగు గట్టిపడిందని ఆమె అన్నప్పుడల్లా, "అంత నమ్మకముంటే గిన్నె బోర్లించి నెత్తిన పెట్టుకో. జారితే నీ ఖర్మ" అనేవాడు. రెండుసార్లు జారింది. మూడోసారి నిలిచింది. ఆ రోజు ఆయన నవ్వలేదు, మెచ్చుకోలేదు. కొట్టులోకి వెళ్ళి అక్కడున్న వాళ్ళతో, "ఈ పిల్లది మిఠాయికి పుట్టిన చెయ్యిరా" అన్నాడు. వంటగదిలోకి వినబడింది. స్తమెన ఆ మాటను చాలా కాలం చలికోటులా కప్పుకుని తిరిగింది.

ఏళ్ళు గడిచి, వంటగది మొత్తం ఆమె చేతి మీదే నడిచే రోజులు వచ్చాయి. బస్సు డ్రైవరు మిలోయె పని లేకపోయినా రోజూ నిమ్మరసం తాగడానికి వచ్చి, గ్లాసు ఖాళీ అయ్యాక కూడా లేచేవాడు కాదు. ఊళ్ళో వాళ్ళు ఇద్దరినీ కలిపి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఆ రోజుల్లోనే ఆమెకు కడుపులో నొప్పి, రక్తం పడటం మొదలయ్యాయి. మొదట ఎవరికీ చెప్పలేదు. పిండి కలుపుతూ కలుపుతూ మధ్యలో వదిలేసి పెరట్లోకి పరిగెత్తేది. తిరిగి వచ్చేసరికి ముఖం సున్నంలా ఉండేది. చివరికి తల్లే పట్నం తీసుకెళ్ళింది. పెద్దపేగు లోపలంతా పుండ్లు పడ్డాయన్నారు డాక్టర్లు. ఇది అంటుకునేది కాదు, మీ వల్ల ఎవరికీ రాదు, కానీ మిమ్మల్ని వదిలిపోయేదీ కాదు అని చెప్పి పంపారు.

ఊరి దేవుడి పండుగనాడు కొట్టు కిటకిటలాడుతోంది. స్తమెన వంటగదిలోంచి పరుగున వచ్చి, జనాన్ని తోసుకుంటూ పెరటివైపు వెళ్ళింది. తిరిగి వచ్చేటప్పుడు ఒక పెద్దింటావిడ ఆపింది.

"ఏమ్మా, ఈ కేకులు నువ్వేనా చేసేది? నీకేదో పేగుల జబ్బటగా?"

కొట్టులో మాటలు ఆగిపోయాయి. స్తమెన మేస్త్రీ వైపు చూసింది. ఒక్క మాట చాలు. అంటుజాడ్యం కాదని ఆయనకు తెలుసు. డాక్టరు కాగితం ఆమే తెచ్చి చూపించింది.

గ్వోజ్దెన్ చేతులు తుడుచుకున్నాడు. "ఆమె చేసేది కాదమ్మా. గిన్నెలు తోముతుంది, అంతే. ఇవాళ్టితో అదీ మాన్పించేస్తున్నా. పేగులు కుళ్ళిన మనిషి చేతి మిఠాయి జనానికి పెడతానా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. స్తమెన ఏప్రాన్ విప్పి గల్లాబల్ల మీద పెట్టింది. ఎందుకో దాన్ని నాలుగు మడతలు వేసి మరీ పెట్టింది. మిలోయె ఆ మూల కుర్చీలోనే ఉన్నాడు. కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. మరుసటి ఏడు అతను ఇంకొకామెను చేసుకున్నాడు.

ఆ తర్వాతి కాలం గురించి ఆమె ఎప్పుడూ ఎక్కువ మాట్లాడలేదు. తల్లి ఉడికించి వడకట్టి ఇచ్చిందల్లా తాగి గోడవైపు తిరిగి పడుకునేది. జబ్బు కొన్నాళ్ళు తగ్గేది, మళ్ళీ వచ్చేది. తల్లి పోయింది. ఖననం అయిపోయి అందరూ వెళ్ళిపోయాక ఇంట్లో ఒక్కతే మిగిలింది. తీపి కోసం తను ఏడ్చి ఏడ్చి అడిగినా అమ్మ పెట్టలేకపోయిన రోజులు గుర్తొచ్చి, లేచి పొయ్యి వెలిగించింది.

గోధుమపిండి ఆమెకు బరువు. వెన్న పడదు. అక్రోట్లు, గింజలు, తొక్కలు లోపల గాజుపెంకుల్లా గీరతాయి. అన్నీ తీసేస్తే ఏం మిగులుతుందో అది తీసుకుంది. కాఫీ గింజలు విసిరే చేతిమరలో బియ్యం పోసి పిండి చేసింది. ఆపిల్ పండ్లు చెక్కి, మెత్తగా ఉడికించి, జల్లెడలో రుద్దింది. తెల్లసొన రాగి గిన్నెలో కాక మామూలు మట్టి గిన్నెలో గిలకొట్టింది. సన్నటి సెగ మీద కాల్చింది. మొదటిది చెప్పు అట్టలా వచ్చింది. రెండోది కుంగిపోయింది. ఎన్నోదో తెలియదు గానీ, ఒకటి నాలుక మీద పెట్టగానే కరిగి, కడుపులోకి దిగి, కిక్కురుమనకుండా ఊరుకుంది. స్తమెన కుర్చీలో కూర్చుని నొప్పి కోసం చాలాసేపు ఎదురు చూసింది. రాలేదు.

పక్కింటి కొసర ఊటకు వచ్చేవాళ్ళకు గదులు అద్దెకిచ్చేది. స్తమెన కంటే పెద్దది, మాట కత్తి. వాసన పట్టుకుని గోడ మీంచి తొంగి చూసింది.

"ఏమిటే అది? కేకా? ఇంత తెల్లగా పాలిపోయి ఉందేమిటి, నీలాగే?"

"రోగుల కేకక్కా."

"అయితే మా ఇంట్లో తినేవాళ్ళకి కొదవ లేదు. ఒకటి ఇలా పడెయ్."

కొసర ఇంట్లో అప్పుడు బుదిమిర్ అనే బడిపంతులు దిగి ఉన్నాడు. దక్షిణాన ఎక్కడో ఊరు. పొట్టలో సగం కోసి తీసేశారు. ఆయన ఆ ముక్క తిని, పళ్ళెం పట్టుకుని స్వయంగా స్తమెన గుమ్మంలోకి వచ్చాడు.

"మా ఇంట్లో ఎవరి పుట్టినరోజైనా, కేకు కోసే ముందు నన్ను వెనక గదిలోకి వెళ్ళమంటారమ్మా. చూసి బాధపడతానని. వాళ్ళ మంచితనమే అది, తప్పు పట్టను" అని పళ్ళెం ముందుకు చాపాడు. "ఇంకో ముక్క ఉంటే ఇక్కడే నిలబడి తింటాను."

అలా మొదలైంది. స్తమెన వంటింటి కిటికీ వీధివైపే. ఉదయం ఊటనీళ్ళు తాగి వచ్చేవాళ్ళు అక్కడ ఆగడం అలవాటు చేసుకున్నారు. ఒక్కొక్కరికి పడేది వేరు, పడనిది వేరు. పాలు పడనివాడికి పాలు లేనిది, గోధుమ తాకితే ఒళ్ళు వాచే ఆడపిల్లకు వేరే గిన్నె, వేరే గరిటె. శరదృతువులో దున్యా పండ్లు వచ్చేవి. పచ్చిగా కొరికితే నోరు పట్టేసే పండు, ఉడికిస్తే గులాబి రంగు తిరిగి ఇల్లంతా పరిమళిస్తుంది. వాటి గుజ్జును తెల్లసొన నురుగులో కలిపి, వేడినీళ్ళ పళ్ళెంలో గిన్నెలు పెట్టి కాల్చేది. బుదిమిర్ పంతులు ఏటా దాని కోసమే ఆ కాలంలో వచ్చేవాడు. ఒక ఏడు రాలేదు. గది కావాలో వద్దో కబురు కూడా లేదు. కొసర ఆ గది ఇంకొకరికి ఇచ్చేసింది. స్తమెన మాత్రం ఆ నెలంతా ఒక గిన్నె ఎక్కువే కాల్చింది.

చెట్ల బాట మీద నుంచి గ్వోజ్దెన్ మాట ఆమె చెవిన పడుతూనే ఉండేది. "దాని కేకులు తినాలంటే ముందు ఆసుపత్రిలో చేరాలి" అనేవాడట. స్తమెన ఆ బాట మానేసి, ఊటకు పక్కసందు గుండా వెళ్ళేది.

యుద్ధం వచ్చింది. బోస్నియా నుంచీ మాసిడోనియా నుంచీ వచ్చే రోగులు ఆగిపోయారు. పెద్ద హోటలు గదుల్లో కాందిశీకులు కుటుంబాలకు కుటుంబాలుగా సర్దుకున్నారు. మందులు దొరకడం మానేశాయి. స్తమెన వాడే బిళ్ళలు కూడా. వెన్న లేదు, చాక్లెట్టు లేదు. గ్వోజ్దెన్ కొట్టు అద్దాల వెనక నిమ్మరసం జాడీ ఒక్కటి, ఎండు బిస్కట్లు కొన్ని.

యుద్ధం వచ్చిన రెండో ఏడు చలి మొదలవుతుండగా, ఒక మధ్యాహ్నం గ్వోజ్దెన్ కూతురు నెవెన తలుపు తట్టింది. స్తమెన ఆ కొట్టులో పనిచేసే రోజుల్లో ఆ పిల్ల గల్లాబల్ల కింద బొమ్మలతో ఆడుకునేది. ఇప్పుడు కొట్టు ఆమే నడుపుతోంది.

"స్తమెనక్కా, లోపలికి రావచ్చా?"

"కాళ్ళు తుడుచుకో."

నెవెన కూర్చోలేదు. "నాన్నకి బెల్గ్రేడ్‌లో ఆపరేషను చేశారు. పుండు కాదట, పేరెత్తకూడని ఆ జబ్బట. పొట్ట మొత్తం తీసేశారు. ఏది తిన్నా చెమటలు పట్టేస్తున్నాయి, గుండె దడదడలాడుతోంది. నిన్న దున్యా మురబ్బా ఒక్క చెంచా పెట్టాను. చచ్చిపోతాడనుకున్నా."

"తీపి పెట్టకూడదు. ఇప్పుడాయనకి పంచదార తట్టుకునే శక్తి లేదు."

"మరేం పెట్టను? పులుసు పోస్తే గోడకేసి కొడుతున్నాడు. జన్మంతా తీపితో బతికిన మనిషికి గంజి నీళ్ళు తాగించమంటావా?"

"ఆయన పంపాడా నిన్ను?"

"లేదు. తెలిస్తే ఇంట్లో అడుగు పెట్టనివ్వడు."

"అయితే వెళ్ళమ్మా" అంది స్తమెన. "తలుపు దగ్గరగా వేసి వెళ్ళు."

విషయం విని కొసర సంతోషించింది. "ఇన్నాళ్ళకి ఒక మంచి పని చేశావు. నిన్ను వీధిలో నిలబెట్టిన నోరది. మాడనీ."

 మాడనీ అని స్తమెన కూడా అనుకుంది. కానీ మరుసటి ఉదయం పక్కసందు మంచుతో జారుతుంటే, తప్పక చెట్ల బాట మీదుగా ఊటకు వెళ్ళింది. గ్లాసులు పట్టుకుని నడుస్తున్న నలుగురైదుగురు రోగుల్లో ఒక మనిషి ఉన్నాడు. ప్యాంటు నడుముకు తాడుతో కట్టుకున్నాడు. కోటులో మనిషి కంటే ఖాళీ ఎక్కువ. గ్వోజ్దెన్ అని పోల్చుకోవడానికి ఆమెకు కాసేపు పట్టింది. ఆయన నడుస్తూ నడుస్తూ తన కొట్టు ముందు ఆగి, అద్దంలోంచి లోపలికి చూశాడు. లోపల చూడటానికేమీ లేదు. అయినా గ్లాసులో నీళ్ళు చల్లారేదాకా అక్కడే నిలబడ్డాడు.

ఇంటికి వచ్చి స్తమెన దున్యా పండ్లు చెక్కింది. పంచదార ఎత్తిన చెయ్యి ఆగింది. డబ్బా మూత పెట్టేసి, పండు తీపి మీదే వదిలేసింది. గోడ మీంచి కొసర చూస్తూనే ఉంది.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకే?"

"నాకూ తెలీదక్కా" అంది స్తమెన. అది నిజమే.

చిన్న గిన్నె గుడ్డలో చుట్టి నెవెనకు ఇచ్చింది. ఎవరు చేశారో చెప్పొద్దంది. రెండు చెంచాలకు మించి ఒకసారే పెట్టొద్దనీ, తిన్నాక కాసేపు వాలి పడుకోమనీ చెప్పింది. మర్నాడు నెవెన ఖాళీ గిన్నె తెచ్చింది.

"ఏమన్నాడు?"

"నిమ్మ పులుపు ఎక్కువైందన్నాడు."

"తిన్నాడా?"

"గిన్నె గీకాడక్కా. చెమటలు పట్టలేదు. మధ్యాహ్నం నిద్రపోయాడు."

రోజూ ఒక గిన్నె వెళ్ళేది, రోజూ ఒక వంక తిరిగి వచ్చేది. ఉడుకు తక్కువైంది. అంచు ఎండింది. ఇది మిఠాయి కాదు, పాలిపోయిన మబ్బుముక్క. స్తమెన ఆ వంకల కోసం ఎదురు చూడటం మొదలుపెట్టింది. మరునాటికి సరిదిద్దేది. ఒక రోజు నెవెన గుమ్మంలోనే నిలబడి నసిగింది.

"రేపటి నుంచి గిన్నె ఆ పిల్లనే తెమ్మను అన్నాడు. నేను నీ పేరెత్తలేదక్కా, ఒట్టు. నురుగు తిప్పిన తీరు నోట్లో పెట్టుకోగానే తెలిసిందట. మొదటి రోజే తెలిసిందట."

కొట్టు మీది గదిలో, పొయ్యి పక్కన మంచం వేసి ఉంది. స్తమెన గుమ్మంలో ఆగింది.

"తలుపెయ్యి. చలొస్తోంది" అన్నాడు గ్వోజ్దెన్. ఎముకల గూడులోంచి అదే గొంతు. "దున్యా ఉడికించేటప్పుడు మధ్య గట్టి భాగం, గింజలు ఏం చేస్తున్నావు?"

"పారేస్తున్నా మేస్త్రీ. గింజలు మాకు పడవు."

"తెలివితక్కువదానా. తినమన్నానా? పలచటి గుడ్డలో మూటకట్టి పండుతోపాటు ఉడికించు. గడ్డకట్టించే జిగురంతా అందులోనే ఉంది. అప్పుడు గుడ్లు సగం చాలు. గుడ్లు దొరక్క ఊరంతా ఏడుస్తుంటే నువ్వు వృథా చేస్తున్నావు."

మరునాడు ఆయన చెప్పినట్టే చేసింది. నురుగు ఇదివరకెన్నడూ లేనంత నున్నగా నిలిచింది. చల్లారాక అంచు కుంగలేదు. ఆయన రెండు చెంచాలు తిని కళ్ళు మూసుకున్నాడు. "ఆ" అన్నాడు. అంతే.

ఆ తర్వాత ఆమె రోజూ వెళ్ళింది. ఆయన మంచం మీంచి చెప్పేవాడు, ఆమె చేసి తెచ్చేది. ఒకసారి బియ్యప్పిండిని పొడి పెనం మీద వేయించి చూడమన్నాడు. పచ్చివాసన పోయింది. ఒకసారి పుదీనా నీళ్ళలో తడపమన్నాడు. అది బాగోలేదు. ఇద్దరూ ఒప్పుకున్నారు. పాత రోజుల్లో వంటగదిలో ఉన్నట్టే ఉండేది, ఆయన మధ్యలో కడుపు పట్టుకుని మెలికలు తిరిగేదాకా.

అలాంటి ఒక రోజు, నొప్పి తగ్గి ఆయన దిండు మీద వాలాక, స్తమెన అడిగింది.

"మేస్త్రీ, ఆ పండుగనాడు అందరి ముందూ అలా ఎందుకన్నారు? నా జబ్బు అంటేది కాదని మీకు తెలుసుగా."

గ్వోజ్దెన్ దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు. "తెలుసు" అన్నాడు. "భయమేసింది. ఆవిడ నోరు మంచిది కాదు. కొట్టు పోతుందనుకున్నా."

స్తమెన ఎదురు చూసింది. ఇంకేదో వస్తుందనుకుంది.

"ఇప్పుడైతే ఏమనేవారు?"

"ఇప్పుడైనా అదే అనేవాణ్ణి" అన్నాడు ఆయన. "నీకు అబద్ధం చెప్పి ఏం చేసుకుంటాను? కొట్టు పోతుందంటే మళ్ళీ అదే అంటాను."

స్తమెన గిన్నె తీసుకుని లేచింది. మెట్లు దిగుతూ, రేపు రాను అనుకుంది. ఇంటికి చేరి పొయ్యి ముందు కూర్చుంది. క్షమించమని అడిగి ఉంటే ఏడ్చేసేదాన్నేమో, ఏడిస్తే తేలికయ్యేదేమో అనిపించింది. ఆ తేలిక కూడా ఆయన ఇవ్వలేదు. అయినా తెల్లవారాక పండ్లు ఉడుకుతూనే ఉన్నాయి, ఆమె కాళ్ళు వెళుతూనే ఉన్నాయి. ఆ విషయం వాళ్ళు మళ్ళీ ఎత్తలేదు.

మంచు బాగా పడిన వారంలో ఆయన చెంచా కూడా మింగలేకపోయాడు. చివరి రోజు స్తమెన నురుగు వేలి కొనతో పెదవికి రాస్తే, నాలుకతో అందుకుని, "నిమ్మ..." అన్నాడు. ఎక్కువైందనో తక్కువైందనో ఆమెకు తెలియలేదు.

సమాధి దగ్గర నెవెన ఆనవాయితీ ప్రకారం పళ్ళెం పట్టుకుని నిలబడింది. ఉడికించిన గోధుమలూ అక్రోట్ పొడీ పంచదారా కలిపిన తీపి. పోయినవాడి ఆత్మ కోసం వచ్చినవాళ్ళందరూ ఒక్కో చెంచా తీసుకోవాలి. పళ్ళెం స్తమెన ముందుకు వచ్చింది. వద్దనడానికి చావు దగ్గర నోరు రాదు. శిలువ గుర్తు వేసుకుని, చెంచా కొనకు అంటుకున్న నాలుగు గింజలు నోట్లో వేసుకుని, పాలయ్యేదాకా నమిలింది. బిళ్ళలు లేని కాలం. ఆ మాత్రానికే వచ్చిందో, తనంతట తనే వచ్చిందో గానీ, ఆ వారమంతా ఆమె మంచం దిగలేదు.

తిరిగి కిటికీ తీసేసరికి కొసర కబురు పట్టుకుని సిద్ధంగా ఉంది.

"విన్నావా? కొట్టులో బోర్డు పెట్టారు. గ్వోజ్దెన్ మేస్త్రీ చివరి మిఠాయి అట. జబ్బు మంచం మీద రోగుల కోసం కనిపెట్టాడట. పైన ఫొటో, ఫొటోకి నల్ల రిబ్బను. చచ్చినవాడి కళ్ళు చారెడని ఊరికే అన్నారా?"

"దేంతో చేస్తున్నారు?"

"నీదేనే మొద్దూ. దున్యా, బియ్యప్పిండి. వెన్నా చాక్లెట్టూ లేని కాలంలో ఇంకేం చేయగలరు?"

"తింటున్నారా?"

"కాందిశీకులు వరస కట్టి మరీ తింటున్నారు. వాళ్ళ కడుపులు మాత్రం ఎక్కడ బాగున్నాయి? నువ్వు పోయి ఆ బోర్డు పీకుతావా, నన్ను పీకమంటావా?"

స్తమెనకు ఛాతీలో ఏదో మండింది, అది జబ్బు కాదు. "గింజల మూట ఆయన చెప్పిందే" అంది చివరికి. "తిననీ అక్కా."

"నీకు రోషం కూడా జల్లెడ పట్టి తీసేశారే" అని కొసర విసురుగా కిటికీ వేసుకుంది.

రోషం లేక కాదు. ఆ బోర్డు గుర్తొచ్చిన రోజు తెల్లసొన సరిగ్గా నిలిచేది కాదు. కానీ ఒక్క పొయ్యితో హోటలు నిండా ఉన్నవాళ్ళకు పెట్టడం తన వల్ల కాదు. కొట్టు పెడుతోంది. అంతకు మించి ఆలోచించకుండా ఉండటానికి ఆమె ప్రయత్నించింది.

యుద్ధం సద్దుమణిగాక వనస్పతి వచ్చింది, తర్వాత వెన్న, అక్రోట్లు. అద్దాల వెనక మళ్ళీ పొరలూ చుట్టలూ బారులు తీరాయి. ఆ వసంతంలో కొసర ఇంట్లో ఒక నేతపని ఆమె దిగింది. స్తమెనకున్న జబ్బే ఆమెకూ ఉంది. రోగుల కోసమే చేసిందన్నారు కదా అని కొట్టులో మేస్త్రీ చివరి మిఠాయి తిన్నది. మరుసటి రోజు అంబులెన్సు వచ్చి ఆమెను పట్నం తీసుకెళ్ళింది. పెట్టె సర్దడానికి కూడా ఎవరూ లేరు. కొసరా స్తమెనా సర్దారు. పెట్టెలో కాగితంలో చుట్టి సగం తిన్న ముక్క కనిపించింది. స్తమెన వేళ్ళతో నలిపి చూసింది. వనస్పతి జిడ్డు. మధ్యలో అక్రోట్ పలుకులు.

ఇన్నేళ్ళ తర్వాత ఆమె ముందు గుమ్మంలోంచి కొట్టులోకి వెళ్ళింది. లోపల ఇద్దరు ముగ్గురు కూర్చుని ఉన్నారు.

"నెవెనా, ఇందులో అక్రోట్లు ఎవరు వెయ్యమన్నారు?"

నెవెన గొంతు తగ్గించింది. "రుచి లేదంటున్నారక్కా. ఇప్పుడన్నీ దొరుకుతున్నాయి, ఆ చప్పిడిది ఎవరు కొంటారు? కొంచెమే వేశాను."

"కొంచెమే ఆ నేతావిడని ఆసుపత్రిలో పడేసింది."

"నేనేమైనా బలవంతంగా పెట్టానా?"

ఆ మాట ఎవరి నోటి నుంచి నేర్చిందో ఇద్దరికీ తెలుసు. నెవెన ముఖం ఎర్రబడింది. స్తమెన గొంతు పెంచలేదు.

"బోర్డు మీద మీ నాన్న పేరే ఉంచుకో. నేనెప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగను. కానీ రోగులకని రాశావు. రోగులు నమ్మి తింటారు. చేస్తే సరిగ్గా చెయ్యి. వేరే గిన్నెలు, వేరే గరిటెలు పెట్టు. చేతకాకపోతే నేనొచ్చి ఉదయం పూట చేసి పోతా. వెనక గుమ్మంలోంచే వస్తా, ఎవరికీ కనబడను."

నెవెన చాలాసేపు అద్దాలు తుడుస్తూ ఉండిపోయింది. ఒప్పుకుంటుందేమో అనిపించింది ఒక్క క్షణం. తర్వాత కుర్చీ ఎక్కి ఫొటో పక్కన ఉన్న బోర్డు దించి, గోడకు తిప్పి పెట్టింది.

"నాకెందుకక్కా ఈ తలనొప్పి? వేరే గిన్నెలట, వేరే గరిటెలట. ఇక చెయ్యను. ఎవరికి కావాలో వాళ్ళు నీ కిటికీ దగ్గరికే వస్తారు."

స్తమెన బోర్డు దిగిపోయినందుకు సంతోషం కలుగుతుందని అనుకుంది. కలగలేదు. మేస్త్రీ ఆ మంచం మీద నేర్పినది కూడా బోర్డుతోపాటే గోడవైపు తిరిగినట్టనిపించింది. నేతపని ఆమె ప్రాణంతో బయటపడింది గానీ మళ్ళీ బాన్యాకు రాలేదు.

ఇప్పుడు స్తమెన ముసలిదైంది. కొసర పోయింది, ఆ ఇల్లు అమ్మేశారు. జబ్బు పేగుల నుంచి వేళ్ళ కణుపులకు కూడా పాకింది. చేత్తో గిలకొట్టలేక కరెంటు మిషను కొనుక్కుంది. నురుగు వస్తుంది గానీ ఆ నురుగు వేరని ఆమెకు తెలుసు. తేడా పట్టేవాళ్ళు ఎవరూ లేరు. కిటికీ దగ్గరికి వచ్చేవాళ్ళు ఏటికేడాది తగ్గుతున్నారు. కొందరు పోయారు. కొందరు దుకాణాల్లో దొరికే పొట్లాలు కొనుక్కుంటున్నారు.

మొన్న శరదృతువులో పొగమంచు ఉదయం ఒక లారీ డ్రైవరు వచ్చాడు. ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు. జబ్బు కొత్త. దున్యా నురుగు గిన్నె అందుకుని, కిటికీ అరుగు మీద మోచేతులాన్చి తిన్నాడు.

"ఇక జన్మంతా ఇంతేనా పిన్నీ?" అన్నాడు.

ఆమె అబద్ధం వెతికింది. దొరకలేదు. "ఇంతే బాబూ" అంది.

అతను తల ఊపి, మిగిలింది నిదానంగా తిన్నాడు. "బాగానే ఉంది" అన్నాడు, ముఖం వీధివైపు తిప్పుకుని. స్తమెన ఇంకో గిన్నె తెచ్చి అతని మోచేతి పక్కన పెట్టింది. లోపలికి చలి వస్తున్నా, అతను తిని వెళ్ళేదాకా కిటికీ వేయలేదు.